‘ఆన్ అవ్వట్లేదు’ అనే మాట వెనక మూడు జబ్బులు

(ఒడిశాలోని పర్లాకిమిడిలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో పిల్లలంతా నన్ను వదిలేసి బల్ల మీదున్న కంప్యూటర్ మదర్‌బోర్డునే చూస్తున్నారు. చూడండి, మంచిదే. నిన్న సాయంత్రం నుంచి అది డిస్‌ప్లే ఇవ్వట్లేదు. బాగు చేయకుండా అలాగే పట్టుకొచ్చాను. చివర్లో మీ చేతే విప్పిస్తాను.

కంప్యూటర్ సిస్టమ్ మొరాయిస్తే మన ఊళ్లో తెలుగువాళ్లు నా దగ్గరికి వచ్చి "మాస్టారూ, ఆన్ అవ్వట్లేదు" అంటారు. ఒడియావాళ్లు "చాలు హేఉ నాహిఁ" అంటారు. వాళ్ల ‘చాలు’ అంటే నడవడం, మన ‘చాలు’ అంటే ఇక వద్దని. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి ఈ రెండు చాలులూ ఉగ్గుపాలతోనే వచ్చేస్తాయి. ఏ భాషలో చెప్పినా ఆ ఒక్క మాట వెనక మూడు వేరువేరు జబ్బులుంటాయి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది అదే.

బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోవడం మొదటి జబ్బు. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉండిపోతుంది, అది రెండోది. బోర్డు కంపెనీ బొమ్మ వస్తుంది, విండోస్ రాదు, అది మూడోది. మొదటిది కరెంటుకు సంబంధించింది. రెండోది బోర్డుకీ ప్రాసెసర్‌కీ ర్యామ్ అనే మెమరీ పలకకీ పొత్తు కుదరకపోవడం. మూడోది డిస్కుదో, సెట్టింగులదో. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. విండోస్ మళ్లీ ఎక్కిస్తే నల్ల స్క్రీన్ బాగవదు. ర్యామ్ మార్చినంత మాత్రాన చచ్చిన స్విచ్ బతకదు. అయినా మనవాళ్లు చేసేది ఇదే. ఫోన్‌లో ఎవరో ఎస్‌ఎంపీఎస్ (బోర్డుకి కరెంటు అందించే డబ్బా) అన్నారని ఎస్‌ఎంపీఎస్, ఇంకెవరో బోర్డు అన్నారని బోర్డు కొనేస్తారు.

గిడుగు రామ్మూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే కదా. సవర గిరిజనుల దగ్గరికి వెళ్లి, వాళ్ల నోటి నుంచి మాట విని, విన్నది విన్నట్టు రాసుకుని ఆ భాష నేర్చుకున్నారు. రిపేరు పనికి కూడా కావలసింది ఆ అలవాటే. జబ్బు పేరు మీరు చెప్పక్కర్లేదు. చూసింది చూసినట్టు చెప్పండి చాలు. "బోర్డు పోయింది మాస్టారూ" అంటే నేనేం చేయలేను. "నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతోంది" అన్నారనుకోండి, సగం పని అయిపోయినట్టే.

అసలు బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం. గోడ దగ్గర స్విచ్ వేయగానే, బటన్ నొక్కకముందే, ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టులు బోర్డుకి వస్తూ ఉంటాయి. అది స్టాండ్‌బై కరెంటు. బటన్ నొక్కితే బోర్డు ఒక తీగను గ్రౌండుకి కలుపుతుంది. ‘లే’ అని ఎస్‌ఎంపీఎస్‌కి చెప్పడమన్నమాట. అప్పుడది 12, 5, 3.3 వోల్టులు ఇవ్వడం మొదలుపెడుతుంది. అన్నీ నిలకడగా ఉన్నాయని నిర్ధారించుకున్నాక, అర సెకనులోపే, ‘అంతా బాగుంది’ అని ఇంకో తీగ మీద కబురు పంపుతుంది. ఆ కబురు అందేదాకా ప్రాసెసర్ కళ్లు తెరవదు. తెరిచాక బయోస్ చిప్ (మొదట ఏం చేయాలో రాసి ఉండే చిప్పు) చదువుతుంది, ర్యామ్ చూసుకుంటుంది, డిస్‌ప్లే చూసుకుంటుంది, ఆ తర్వాతే డిస్కు కోసం వెతుకుతుంది. రైలు ఏ స్టేషన్‌లో ఆగిందో తెలిస్తే పట్టా ఎక్కడ విరిగిందో వెతకడం తేలిక.

మొదటి జబ్బు త్వరగా తేలుతుంది. ఎస్‌ఎంపీఎస్ వెనక ఓ చిన్న స్విచ్ ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు. అవి బాగుంటే కేబినెట్ బటన్‌ని పక్కన పెట్టేయండి. బోర్డు మీద ఆ బటన్ తీగలు తగిలించే రెండు పిన్నులుంటాయి. తీగలు పీకేసి ఆ రెండు పిన్నులకీ ఒక్క క్షణం స్క్రూడ్రైవర్ మొన తాకించండి. సిస్టమ్ లేచిందా, జబ్బు బటన్‌దే. లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాలి. గోడ దగ్గర స్విచ్ కట్టేసి, బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టర్ పీకి, 16వ పిన్నునీ పక్కనున్న 17వ పిన్నునీ పేపర్ క్లిప్‌తో కలిపి, అప్పుడు స్విచ్ వేయాలి. పాత వాటిలో 16వది ఆకుపచ్చ తీగ, 17వది నల్ల తీగ. ఇప్పుడు అన్నీ నలుపే వస్తున్నాయి కాబట్టి పటం చూసి లెక్కపెట్టుకోవాలి. ఫ్యాన్ తిరిగితే ప్రాణం ఉన్నట్టు. ప్రాణం ఉందంటే బలం కూడా ఉందని కాదు. మల్టీమీటర్‌తో 12 వోల్టుల తీగ చూస్తే 11.4కీ 12.6కీ మధ్య ఉండాలి. ఇంకో మాట, కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లలో వేడెక్కేదాకా ఫ్యాన్ అసలు తిరగదు. తిరగలేదని పారేయకండి, మీటరు పెట్టండి. మీటరు లేనివాళ్లు రేపే ఒకటి కొనుక్కోండి, బోర్డు ఖరీదు ముందు అదెంత!

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలవుంటుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు ఉంటుంది. ఇది ప్రాణాలతో పని. బల్లి దూరింది, చీమలు పట్టాయి అని స్క్రూడ్రైవర్ పట్టుకునే వాళ్లని చూశాను. వద్దు.

ఇక రెండోదానికి వద్దాం. ఇంట్లో కూర్చుని సిస్టమ్ కట్టుకునేవాళ్లని ఎక్కువగా ఏడిపించేది ఇదే. నన్ను ఏడిపించింది దీనికి దగ్గరి చుట్టం.

నా మొదటి సిస్టమ్‌కి జీడిపిక్కలు అమ్మిన డబ్బుల్లోంచి నాన్నగారు తీసిచ్చారు. విశాఖపట్నం వెళ్లి పార్టులన్నీ కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. రాత్రంతా కూర్చుని బిగించాను. బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. మర్నాడు ఒక షాపుకి పట్టుకెళ్తే, విప్పి చూడకుండానే బోర్డు పోయిందన్నారు. ఇంకో బోర్డు కొన్నాను. అదీ అంతే! నాన్నగారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది. మూడు వారాల తర్వాత విసుగొచ్చి బోర్డు మొత్తం కేబినెట్‌లోంచి బయటికి తీసి, దాని అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చేశాను. నిక్షేపంగా నడిచింది.

కారణం చూడండి. బోర్డు రేకుకి తగలకుండా కింద ఇత్తడి మేకుల్లాంటివి బిగిస్తాం. పెద్ద బోర్డుకి కావలసిన చోటల్లా కంపెనీవాళ్లే బిగించి పంపారు. నాది చిన్న బోర్డు, దానికి అన్ని రంధ్రాలు లేవు. అక్కర్లేని మేకు ఒకటి బోర్డు వెనక టంకం చుక్కలకు తగులుతోంది. షార్ట్ అయిన ప్రతిసారీ ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. అది తన పని తాను సక్రమంగా చేసింది. నేనే దాని మాట వినిపించుకోలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే పద్ధతి, తీసేయడం. జబ్బు దొరకాలంటే కొత్తవి చేర్చకూడదు, ఉన్నవి తీసేయాలి. బోర్డుని కేబినెట్‌లోంచి తీసి అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, దాని కూలర్, ఒకే ఒక్క ర్యామ్, రెండు కరెంటు కనెక్టర్లు. ఇంతే! డిస్కులొద్దు, యూఎస్‌బీలొద్దు, రంగు లైట్లొద్దు. ప్రాసెసర్‌లోనే డిస్‌ప్లే ఇచ్చే భాగం ఉంటే, విడిగా ఆ పని చేసే గ్రాఫిక్స్ కార్డు కూడా వద్దు. ఇలా నడిస్తే ఒక్కొక్కటే తగిలిస్తూ రండి, ఏది తగిలించాక ఆగిందో దొంగ అదే. రెండు ఒకేసారి మార్చారంటే మాత్రం ఏది దొంగో ఎప్పటికీ తెలియదు.

రెండు కరెంటు కనెక్టర్లు అన్నాను. రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. ప్రాసెసర్ పక్కన మూలలో 8 పిన్నులది ఉంటుంది. అది పెట్టకపోతే ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, డిస్‌ప్లే రాదు. గ్రాఫిక్స్ కార్డుకి వచ్చేది కూడా 8 పిన్నులదే కానీ రెంటి అచ్చు వేరు. దూరట్లేదంటే అది దానిది కాదని అర్థం, బలవంతంగా నొక్కకండి.

ర్యామ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా చేతికొచ్చే నల్ల స్క్రీన్లలో అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే తేలతాయి. స్లాట్లు నాలుగుంటే, ఒక్క ర్యామ్‌ని ప్రాసెసర్ వైపు నుంచి రెండోదాంట్లో పెట్టాలి. రెండు ర్యాములైతే రెండు, నాలుగు. కూర్చోబెట్టేటప్పుడు రెండు చివర్లా ‘టక్’మని వినపడాలి. కొన్ని బోర్డుల్లో ఒక వైపే క్లిప్పు ఉంటుంది. ఆ క్లిప్పు పడింది కదా అని వదిలేస్తాం, రెండో చివర మాత్రం దారం మందాన పైకి లేచి ఉంటుంది. కంటికి సరిగా కనపడదు, వేలితో తడిమితే తెలుస్తుంది. బంగారు పూత ఉన్న అంచు మురికి పడితే రబ్బరుతో రుద్దుతారు మనవాళ్లు. పర్వాలేదు కానీ ఆ పొడి స్లాట్‌లో పడితే ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టు. మెత్తటి బట్టకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కాస్త అద్ది తుడవడం మేలు.

కాశీనగర్ నుంచి ఒకమ్మాయి రాత్రి పదింటికి ఫోన్ చేసింది. కొత్త సిస్టమ్, డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్, తనే కట్టుకుంది. నాలుగు రోజులుగా నల్ల స్క్రీనేనట. గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. "ఆన్ చేశాక ఎంతసేపు చూస్తున్నావమ్మా?" అన్నాను. "అర నిమిషం చూసి ఆపేస్తున్నాను మాస్టారూ, ఏదైనా కాలిపోతుందేమోనని" అంది. "ఈసారి ఆన్ చేసి వదిలెయ్. వెళ్లి అన్నం తినిరా" అన్నాను. డీడీఆర్5 వేగం ఎక్కువ కాబట్టి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌తో ఏ టైమింగుకి మాట్లాడాలో ఒక్కొక్కటే ప్రయత్నించి చూసుకుంటుంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఈ పిల్ల నాలుగు రోజులుగా ప్రతిసారీ మధ్యలో ఆపేసి మళ్లీ మొదటికి తెస్తోందన్నమాట. పావుగంట తర్వాత బయోస్ స్క్రీన్ ఫొటో పంపించింది. అందుకే డీడీఆర్5 అయితే మొదటిసారి పదిహేను నిమిషాలు గడియారం చూసి ఆగండి. బయోస్ రీసెట్ చేసినా అంతే.

మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారన్నది ఇంకో సంగతి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవాటిలో, ఉదాహరణకు 12400ఎఫ్, డిస్‌ప్లే ఉండదు. ఏఎండీ వాళ్ల ప్రాసెసర్ రైజెన్ 5600లో ఉండదు, 5600జీలో ఉంటుంది. కార్డు లేకుండా 5600 కొని, బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలించి, ఎన్ని రోజులు చూసినా ఏమీ రాదు. పాత బోర్డులో కొత్త ప్రాసెసర్ పెడితే దాన్ని గుర్తుపట్టే బయోస్ ఉండాలి. బీ450 రకం పాత బోర్డుల్లో రైజెన్ 5000 వరస ప్రాసెసర్ పెట్టినవాళ్లకి ఇది అనుభవమే.

పిన్నులు వంగిన సంగతి కూడా చెప్పాలి. ఏఎం4 అనే సాకెట్‌లో కూర్చునే రైజెన్‌కి ప్రాసెసర్ అడుగునే 1331 పిన్నులుంటాయి. కూలర్ పీకేటప్పుడు, రెంటి మధ్య రాసిన పేస్టు పట్టేసి ప్రాసెసర్ కూడా ఊడి వచ్చేస్తుంది, కిందపడితే పిన్నులు వంగుతాయి. అందుకే కాసేపు సిస్టమ్ నడిపి, వేడెక్కాక ఆపి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. ఒకసారి అలా ఒక మూల ఏడు పిన్నులు వంగిన ప్రాసెసర్ తెచ్చారు. మన ఊళ్లో కొమ్ముతో బొమ్మలు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను, ఆయన దగ్గర మంచి భూతద్దం ఉంది. ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టాన్ని ఒక్కో పిన్నుకీ తొడిగి, వరుసకు సరిపోయేదాకా వెంట్రుకవాసి చొప్పున లేపాం. "తొందరపడకు బాబూ, ఒక్కసారికే నిలబెట్టాలని చూస్తే విరిగిపోద్ది" అంటూనే ఉన్నారాయన. ముప్పావుగంట పట్టింది. ఏడూ నిలబడ్డాయి. ఆ సిస్టమ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇంటెల్‌లోనూ కొత్త ఏఎం5లోనూ పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి. అవి స్ప్రింగుల్లాంటివి, వాటిని సరిచేయడం ఇంతకంటే చాలా కష్టం. అలాంటి సాకెట్ మీద ప్లాస్టిక్ మూత ఎప్పుడూ పారేయకండి.

మూడో జబ్బు గురించి క్లుప్తంగా. బయోస్‌లోకి వెళ్లి డిస్కు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే కేబుల్ మార్చండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 డిస్కు (కేబుల్ లేకుండా బోర్డు మీదే బిగించేది) పెడితే, కేబుల్ డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఒకటి రెండు పనిచేయడం మానేస్తాయి, మాన్యువల్‌లో రాసి ఉంటుంది. డిస్కు కనిపిస్తూ కూడా విండోస్ రాకపోతే సెట్టింగులు చూడాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి ఉచిత సపోర్టు ఆగిపోయింది కదా, 11 కోసమని చాలామంది బయోస్‌లో సీఎస్ఎమ్ (పాత పద్ధతిలో బూట్ అవనిచ్చే సెట్టింగు) ఆపేశారు. డిస్కు భాగాల పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే అలా ఆపగానే బూట్ అవదు. భయపడకండి, డేటా ఎక్కడికీ పోలేదు. సీఎస్ఎమ్ మళ్లీ ఆన్ చేస్తే వచ్చేస్తుంది. తర్వాత బ్యాకప్ తీసుకుని, నింపాదిగా కొత్త పద్ధతి జీపీటీకి మార్చుకోవచ్చు.

మన జిల్లా ఇళ్ల గురించి ఒకటి చెప్పాలి. కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎంతమంది నాతో అన్నారో! మన పాత ఇళ్లలో చాలాచోట్ల మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో రంధ్రం వెనక తీగే ఉండదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు రేకుకి కలిపి ఉంటాయి. ఎర్తింగ్ ఉంటే వాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే రేకు మీద 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టారంటే ఆ తేడా పోర్టులోంచి పారుతుంది. పోర్టులు పోయేది ఇలాగే. తడి కాళ్లతో ముట్టుకునే పిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పేదేముంది. సిస్టమ్ మీద వేలకు వేలు పెడుతున్నారు, ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ వేయించండి. దయచేసి దీన్ని వాయిదా వేయకండి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మనల్ని ఎలా కుదిపేసిందో పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పుడు తడిసిన సిస్టమ్‌లని కరెంటు రాగానే ఆన్ చేసి పాడు చేసుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చారు. నీళ్లు తగిలితే ముందు ప్లగ్గు, ఆ తర్వాత బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ తీసేయాలి. దాని పేరు సీఆర్2032, ఇచ్చేది 3 వోల్టులే. తడి మీద ఆ మూడు చాలు, రాగి గీతలని తినేయడానికి. అదే బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే బయోస్ సెట్టింగులు మొదటికొస్తాయి, అది రెండో జబ్బుకీ పనికొచ్చే చిట్కా.

సరే, బల్ల దగ్గరికి రండి. ఎవరొస్తారు? నువ్వు రా పాపా. ఇందులో ఉన్నది 5600జీ, గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆన్ చెయ్. ఫ్యాన్ తిరుగుతోంది కదా, అంటే మొదటి జబ్బు కాదు. బోర్డు అంచున నాలుగు చిన్న లైట్లున్నాయి, పక్కనే సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసి ఉంది. వరసగా ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే, డిస్కు అన్నమాట. ఏది వెలుగుతోంది? డీర్యామ్. అలా గట్టిగా చెప్పు, వెనకవాళ్లకి వినపడాలి. కరెంటు కట్టెయ్, ప్లగ్గు పీకు. రెండు ర్యాములూ తీసెయ్. ఒకదాన్ని రెండో స్లాట్‌లో పెట్టు. రెండు చివర్లా నొక్కు. ఇప్పుడు ఆన్ చెయ్.

ఇంకా డీర్యామే. కట్టెయ్. దాన్ని తీసి, ఇంకోదాన్ని అదే స్లాట్‌లో పెట్టు. స్లాట్ మార్చకు, ఒక్కటే మార్చాలి. ఆన్. కాసేపు చూద్దాం. డీర్యామ్ ఆరింది. వీజీఏ వెలిగి ఆరింది. ఇప్పుడు బూట్ దగ్గర నిలబడింది, చూశారా? డిస్కు తగిలించలేదు కాబట్టి అక్కడ ఆగింది. మానిటర్ మీద బయోస్ వచ్చింది.

ఏమంటున్నావు? మొదటి ర్యామ్ పోయిందంటున్నావా? ఇప్పుడే అనకు. సరిగా కూర్చోలేదేమో. కరెంటు కట్టేసి, దాని అంచు ఒకసారి తుడిచి, మళ్లీ అదే స్లాట్‌లో పెట్టి చూడు.